పొట్టి ట్రాక్టర్‌కి పొడుగు ఫోర్కులు

మార్చి 3

తమ్ముడికి,

అక్క చెబుతుంటే కోడలు రాస్తున్న ఉత్తరం. మేమంతా కులాసా. నువ్వూ కులాసాగానే ఉంటావు, నీకేం, నీడపట్టున కొట్లో కూర్చుని ట్రాక్టర్ సామాన్లు అమ్ముకునేవాడివి. మరదలి పంటినొప్పికి లవంగం పెట్టమని నెల కిందట చెప్పాను. పెట్టిందో లేదో ఒక్క ముక్క రాయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మన పూలకుండీలన్నీ కొనే తోటల కంపెనీవాళ్ళు మొన్న కొత్త మేనేజర్ని పంపారు. ఏప్రిల్ ఒకటి నుంచి చేతులతో లోడింగు ఉండదట. కుండీలన్నీ ముందే ప్యాలెట్లనే చెక్కబల్లల మీద పేర్చి, తాళ్ళు బిగించి ఉంచాలట. ప్యాలెట్లు వాళ్ళే ఇస్తారట. లారీ వచ్చి ఒక్క గంట ఆగుతుందట. ఆ గంటలో పద్నాలుగు ప్యాలెట్లు ఎక్కితే సరే, ఎక్కకపోతే ఆర్డరు వంతెన అవతలి బట్టీకి పోతుందట.

ఇరవై ఏళ్ళుగా ఎనిమిది మందిమి వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి అందించుకుంటూ లారీలు నింపాం. నెలకి పదో పన్నెండో పగిలేవి, అంతే. "ఇప్పుడంతా స్పీడమ్మా" అన్నాడు వాడు. "నాయనా, కుండీ కాలడానికి మూడు రోజులు పడుతుంది, ముందు దానికి చెప్పు స్పీడు" అన్నాను. నవ్వలేదు. నవ్వనివాడితో వాదం పెట్టుకోకూడదు, దండగ.

ఈ ఆర్డరు పోతే బట్టీ చల్లారినట్టే. బట్టీ చల్లారితే మా ఒక్క పొయ్యే కాదు, పదకొండు ఇళ్ళ పొయ్యిలు చల్లారతాయి. కాబట్టి మన చిన్న ట్రాక్టర్ ముందు మట్టి ఎత్తే లోడర్‌కి తగిలించే ప్యాలెట్ ఫోర్కులు కావాలి, సందుల్లో దూర్చి ప్యాలెట్‌ని ఎత్తే ఇనప కొమ్ములు. నీ కొట్లో ఉన్నవాటిల్లో అన్నిటికంటే పొడుగువి, అన్నిటికంటే లావువి పంపు.

నాకు అంకెలు రావని నీకు తెలిసిందే. కవర్లో పురికొస పెట్టాను. ఎర్ర దారం చుట్టిన కొస నుంచి కొలుచుకో. మొదటి ముడి దాకా ప్యాలెట్ కింద రెండు సందుల మధ్య ఎడం. రెండో ముడి దాకా ప్యాలెట్ పొడుగు. మూడో ముడి దాకా లారీ బల్ల ఎత్తు. నీ టేపు అబద్ధమాడుతుందేమో కానీ నా ముడి ఆడదు.

చెప్పాల్సింది అయిపోయింది, పంపాల్సిందే మిగిలింది.

అక్క


మార్చి 8

అక్కకి తమ్ముడి నమస్కారాలు.

ఉత్తరమూ పురికొసా అందాయి. బల్ల మీద పరిచి కొలిచాను. ప్యాలెట్ సరిగ్గా నాలుగడుగులు, నూలుపోగంత తేడా లేదు. పనివాళ్ళని పిలిచి చూపించాను. "చేతిలో టేపులుండి మీరు చేసే కొలతలు చూసుకోండి, సిగ్గుపడండి" అన్నాను. మీ మరదలి పన్ను పీకించేశాం. లవంగం దాకా ఆగలేదు.

ఫోర్కుల్లో రెండు రకాలున్నాయక్కా. ఒకటి లోడర్ బకెట్ అంచుకి కొక్కేల్లా తగిలించేవి. వాటి పేరెత్తకు. అంచు వంగిపోతుంది, బరువు ఇంకా ముందుకు జరుగుతుంది. రెండోది బకెట్ మొత్తం తీసేసి, ఆ చోట ఫ్రేముతో సహా బిగించేవి. నీకు అవే కావాలి. ఫ్రేముకి పైదాకా ఇనప జాలీ ఉంటుంది, కుండీలు వెనక్కి దొర్లి నడిపేవాడి ఒళ్ళో పడకుండా.

నాకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. లోడర్ ఎంత బరువు లేపుతుంది? పుస్తకంలో ఉంటుంది, కోడలమ్మాయి చూసి రాస్తుంది. బకెట్ పిన్నులతో బిగించి ఉందా, మీట లాగితే ఊడొస్తుందా? ట్రాక్టర్ వెనక బరువేమైనా కడుతున్నారా? నడిపేవాడి బరువెంత?

పొడుగు సంగతి మాత్రం నా మాట విను. మూడడుగులవి చాలు. పొట్టి ట్రాక్టర్‌కి పొట్టివే అందం. అన్నిటికంటే పొడుగువి, అన్నిటికంటే లావువి అంటే ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టుంటుంది.

నువ్వు తిట్టడం మొదలుపెట్టేలోపు ముగిస్తున్నాను.

తమ్ముడు


మార్చి 12

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి కూడా అలాగే ఉంది.

నేను ఉట్టికెగరలేనమ్మనా? చిన్నప్పుడు ఉట్టి మీది బెల్లం ఎవరు దించి పెడితే తిన్నావురా నువ్వు? సరే, ఒక్కొక్కటే అడుగుతాను, జవాబు చెప్పు.

ట్రాక్టర్ పొట్టిదన్నావు. పిట్ట కొంచెం, కూత ఘనం. మొన్న తడిమట్టి బకెట్ నిండా, పైన గోపురం కట్టేలా ఎత్తి, చెరువు గట్టు నుంచి ఇక్కడిదాకా తెచ్చింది. ముందు టైర్లు నొక్కుకుపోయాయి కానీ ఒక్కసారి కూడా మూలగలేదు. అంత మట్టి మోసింది కాలిన కుండీలు మోయలేదా? కాలిస్తే తేలికవుతాయని నీకు ఎవరూ చెప్పలేదా?

ప్యాలెట్ నాలుగడుగులని నువ్వే కొలిచావు. ఫోర్కులు మూడడుగులంటావు. మిగిలిన అడుగు గాలిలో వేలాడాలా? మంచం పొట్టిదై కాళ్ళు బయటికి పోతే మనిషికే నిద్ర పట్టదు, కుండీకి ఎలా పడుతుంది? అంచున ఉన్న వరస ఊగి ఊగి బీట ఇస్తుంది. కుండీ సంగతి నాకు చెప్పకు.

అమ్ముడుపోని పొట్టి జత ఒకటి కొట్లో తుప్పు పడుతోందేమో, అక్కే కదా, అంటగట్టేద్దామనుకున్నావా? ఈ మాట రాయనని కోడలు మొరాయిస్తోంది. రాయవే. నా ఉత్తరం, నా నోరు.

ఇక నడిపేవాడి బరువు. నడిపేవాడు లేడు. నడిపేది నేను. మీ బావ పోయిన ఏడాది నుంచీ నేనే. మావాడు బట్టీ మంట దగ్గర పులి, ట్రాక్టర్ ఎక్కితే పిల్లి. రివర్సు చేసి మట్టిగుంటలో దింపాడు, ఆ రోజే తాళం లాక్కున్నాను. నా బరువు చెప్పను. మీ కొట్లో ఆడవాళ్ళని బరువడగడం మర్యాదేమో, మా ఇంట్లో కాదు.

పుస్తకం చూసి కోడలు రాస్తున్నది: పిన్నుల దగ్గర నాలుగు వందల కిలోలు లేపుతుంది. బకెట్ రెండు పిన్నులతో బిగించి ఉంది. వెనక ఏమీ కట్టట్లేదు.

నాలుగడుగులవే పంపు.

నీకంటే ఆరేళ్ళు పెద్దదైన అక్క


మార్చి 16

అక్కకి,

కొట్లో అందరి ముందూ ఉత్తరం విప్పాను. "నడిపేది నేను" అన్నచోట కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాను. కొనడానికొచ్చిన రైతు "ఎవరికైనా ఏమైనా అయిందా" అని అడిగాడు. "ఇంకా కాలేదు" అన్నాను.

అక్కా, ఒక పని చెయ్యి. నిండు బిందె చంకన పెట్టుకుని వాకిలి దాకా నడు. తర్వాత అదే బిందె రెండు చేతులూ ముందుకు చాపి పట్టుకుని నడు. బిందె అదే, నీళ్ళవే, మనిషివి నువ్వే. రెండోసారి నడుము ఏమంటుందో విను. బకెట్‌లో మట్టి చంకన బిందె. ఫోర్కుల మీద ప్యాలెట్ చాపిన చేతుల మీద బిందె. పిన్నుల దగ్గర నాలుగు వందలు లేపే ట్రాక్టర్, రెండడుగులు ముందుకెళ్తే మూడు వందలే లేపుతుంది. అందులోంచి ఫోర్కుల బరువు తీసెయ్. పొడుగు జత ఫ్రేముతో నూట నలభై కిలోలు. మిగిలింది నూట అరవై. పొట్టి జత ఎనభై కిలోలే, రెండు వందల ఇరవై మిగులుతుంది. ఇనుము ఎంత తగ్గితే కుండీలు అంత ఎక్కువ. నేను పొట్టివి అంటగట్టడం లేదు, నీ కుండీలకి చోటిస్తున్నాను.

వెనక బరువు లేకుండా ఎత్తితే ఏమవుతుందో నా కళ్ళతో చూశాను. వెనక చక్రాలు రెండూ లేచి, ట్రాక్టర్ ముక్కు నేలకి ఆనించి దణ్ణం పెట్టింది. నడిపేవాడు పాతికేళ్ళవాడు, దూకేశాడు కాబట్టి బతికాడు.

అమ్మాయీ, ఇక్కడి నుంచి మీ అత్తయ్యకి చదవకు. డెబ్బై రెండేళ్ళ మనిషిని ఆ సీటు ఎక్కనివ్వకు. తాళం ఎక్కడైనా దాచెయ్యి. నా పేరు చెప్పకు. ఇక్కడి నుంచి మళ్ళీ చదువు.

మూడడుగులవైతేనే పంపుతాను. లేకపోతే లేదు. ఈ ఒక్కసారికి నా మాట నెగ్గనివ్వు.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

కోడలికి ఒక అలవాటుంది. చదవడం మొదలుపెడితే బ్రేకు లేని బండి. "ఇక్కడి నుంచి చదవకు" అన్నది కూడా చదివేసింది, దాని తర్వాతదీ చదివేసింది. తర్వాత నాలుక కరుచుకుంది. తాళం నా కొంగునే ఉంది, దాచేవాళ్ళు వచ్చి దాచొచ్చు.

ఆ కోపంతో రెండు రోజులు నీ పేరెత్తలేదు. మూడో రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు బిందె నింపాను. చంకన పెట్టుకుని వాకిలి దాకా వెళ్ళాను, పెళ్ళికూతురిలా. చేతులు చాపి పట్టుకుని మూడడుగులు వేశానో లేదో, వంటింటి గడప మీద బిందె, దాని పక్కన నేను, మా ఇద్దరి చుట్టూ నీళ్ళు. అప్పుడే మావాడు వచ్చి "ఏంటమ్మా ఇది" అన్నాడు. "గడప కడుగుతున్నాను" అన్నాను. నువ్వు కూడా ఎవరితోనూ అనకు.

పొట్టివే పంపు. నువ్వు నెగ్గావని కాదు. బిందె నెగ్గింది.

ఒక్క మాట. ఒకటో తేదీ ఇంకెంతో దూరం లేదు. మేనేజర్ మళ్ళీ వచ్చి వాకిలంతా అడుగులేసి కొలుచుకుని వెళ్ళాడు. వంతెన అవతలి బట్టీవాడు అప్పుడే నవ్వుతున్నాడని లారీ డ్రైవరు చెప్పాడు. తొందరగా పంపు.

అక్క


మార్చి 20

అక్కకి,

మీ మరదలు నా ఉత్తరం నకలు చూసింది. "తాళం దాచెయ్యమని రాశావా, ఆవిడకి?" అని అడిగి, రెండు పూటలు నాతో మాట్లాడలేదు. పన్ను పోయినా మాట పదును పోలేదు. మూడో పూట ఇలా అంది: "ముప్పై ఏళ్ళు మట్టితో బతికిన మనిషికి కుండీ ఎక్కడ బీట ఇస్తుందో తెలియదా? అంచు వేలాడకూడదని ఆవిడ అంటే వేలాడకూడదనే."

ఆలోచిస్తే నిజమే. కుండీల సంగతి నాకేం తెలుసు, ఇనుము సంగతి తప్ప. నాలుగడుగులవే ఇవాళ లారీలో వేశాను, ఫ్రేముతో, జాలీతో సహా. ఉత్తరం కంటే ముందే అందుతాయేమో. నీ మాటే నెగ్గింది, సంతోషమా?

కానీ రెండు పనులు చెయ్యి, నా మీద ఒట్టు. వెనక గట్టి చెక్కపెట్టె ఒకటి తగిలించి దాని నిండా బరువు వెయ్యి. ఎత్తేటప్పుడు సరుకు నేలకి జానెడు ఎత్తులోనే ఉంచుకుని నడుపు, లారీ దగ్గరికి వెళ్ళాకే పైకి లేపు.

తలవంచిన తమ్ముడు


మార్చి 25

తమ్ముడూ,

నీకు సిగ్గుందా?

నేను తల దించి, పొట్టివి పంపరా బాబూ అని నోరు తెరిచి అడిగితే, నాలుగడుగులవి పంపుతావా? నిన్న లారీ దించి వెళ్ళింది. పురికొస పెట్టి చూశాను, రెండో ముడికి సరిగ్గా సరిపోయాయి. అంటే ముసలిదానికి బుద్ధి వచ్చింది కదా, ఇప్పుడు ఏడిపిద్దామనా? ఎత్తి చూసుకో, తెలుస్తుంది అనా? చూశాను. వెనక ఏమీ కట్టకుండానే ఎత్తాను, ఎవరేం చేస్తారో చూద్దామని. ప్యాలెట్ నేల వదిలిందో లేదో నా వెనక చక్రాలు కూడా నేల వదిలాయి. బెత్తెడు. కోడలు అరిచిన అరుపుకి షెడ్డు మీది పావురాలన్నీ లేచిపోయాయి. నేను మెల్లగా దించి, చీర సర్దుకుని, "ఆగు, ఇంకా నేర్చుకుంటోంది" అన్నాను ట్రాక్టర్‌ని చూపించి. ఆ పూటకి మళ్ళీ సీటెక్కలేదు. ఇది కూడా రాయి, రాయి, వాడికి తెలియాలి.

ఒకటో తేదీకి ఏడు రోజులుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదెకర్రకు ఒక పెట్టు అన్నట్టు నా ఇరవై ఏళ్ళ బేరాన్ని ఒక్క

ఆగు. పోస్టు వచ్చింది. నీ ఉత్తరం.

చదివింది. కోడలు నవ్వాపుకోలేక కలం కింద పెట్టేసింది. నేనూ అంతే. ఒరేయ్, అరవై ఆరేళ్ళలో ఒక్కసారి నువ్వు నా మాట విన్నావు, అదే రోజు నేను నీ మాట విన్నాను. ముందే ఒకరైనా మొండిగా ఉండి ఉంటే బాగుపడేవాళ్ళం కదరా.

పై తిట్లన్నీ కొట్టెయ్యమంటావా అంటోంది. వద్దు, ఉండనివ్వవే, ఎప్పుడైనా పనికొస్తాయి.

అక్క


మార్చి 28

అక్కా,

మొదటిది పోస్టులో ఎక్కడ ఆగిందో, నీవి రెండు ఉత్తరాలూ ఇవాళే ముందొకటి వెనకొకటి వచ్చాయి. మీ మరదలు నవ్వి నవ్వి ఒత్తిగిలి పడుకుంది. నాకు నవ్వు రాలేదు. బెత్తెడు అన్నావు చూడు, ఆ బెత్తెడే నా కళ్ళముందు ఉంది.

మూడడుగులవి ఇప్పుడే లారీ ఎక్కించాను. కానీ ఒకటో తేదీకి అందవు, రెండో తేదీకి అందితే గొప్ప. కంపెనీవాణ్ణి కాళ్ళావేళ్ళా పడి ఒక్క వారం గడువడుగు. అడగడం నీకు రాదని తెలుసు, కోడలమ్మాయిని పంపు. పొడుగువి ముట్టుకోకు. ఆర్డరు పోతే ఇంకోటి వస్తుంది, అక్క పోతే నాకింకోటి రాదు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడికి,

గడువు అడగలేదు. అడగడం నాకు రాదని నువ్వే అన్నావు.

ఇరవై అయిదో తేదీ నుంచి నిన్నటిదాకా ఏం చేశామో చెబుతాను, విను. ముందు నువ్వు చెప్పిన చెక్కపెట్టె. మావాడు గట్టి పలకలతో చేసి వెనక తగిలించాడు. ఏం పోద్దామని ఆలోచిస్తే, షెడ్డు వెనక ఇరవై ఏళ్ళుగా పగిలినవన్నీ గుట్టగా పడున్నాయి కదా. పెట్టె నిండా పెంకులు నింపాం. పగిలిన కుండీకి కూడా బరువుంటుందిరా, ఇన్నాళ్ళూ తెలియలేదు.

తర్వాత ప్యాలెట్ పేర్చడం. ఇది నీకు తెలియదు, చెబుతాను. బట్టీ పేర్చేటప్పుడు పెద్ద కుండీలు గోడవైపు, చిన్నవి నోటివైపు పెడతాం. ప్యాలెట్ కూడా అలాగే పేర్పించాను. పెద్దవన్నీ ట్రాక్టర్ వైపు, జాలీకి ఆనుకునేలా. అరచేతంత తులసి కుండీలు మాత్రం అటు కొసన. అంటే బిందె చంకలోకి వచ్చింది, చాపిన చేతుల్లో ఒట్టి చెంబు మిగిలింది. ఎత్తు కూడా రెండు వరసలు తగ్గించాం. కొసన ఉన్నవి చిన్నవే అయినా వేలాడలేదు, పొడుగు ఫోర్కు చివరిదాకా పట్టింది. నువ్వన్నదీ నిజమే, నేనన్నదీ నిజమే. మీ ఇద్దరివీ కలిస్తేనే లెక్క కుదిరింది అంటోంది కోడలు. ఎత్తాను. చక్రాలు నేల మీదే ఉన్నాయి.

కానీ ఒక చిక్కొచ్చింది. కుండీలు ఎదురుగా నిలబడితే సీటు మీది నుంచి ఫోర్కు కొసలు కనిపించవు. ఎవరో ఒకరు పక్కన నిలబడి చెయ్యి చూపించాలి. మావాణ్ణి నిలబెట్టాను. ఈగలు తోలుకుంటున్నట్టు చెయ్యి ఊపాడు. తొమ్మిది కుండీలు పోయాయి. కోడల్ని నిలబెట్టాను. భయంతో కళ్ళు మూసుకుంది, కళ్ళు మూసుకున్న దాని చెయ్యి ఎటు చూపిస్తే ఏం లాభం. కొస ఎక్కడికెళ్తే కుండీకి నొప్పో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అంటే నేను నేలమీదే నిలబడాలి. మరి సీటు మీద ఎవరు?

"నేను నడుపుతాను అత్తయ్యా" అంది ఇది. "నీకేం వచ్చు" అన్నాను. వచ్చట. నేను మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా రెండేళ్ళుగా గట్టు నుంచి మట్టి తెస్తోందట. తాళం నా కొంగున ఉంటే ఎలా తెచ్చావే అంటే, తాళాలు రెండున్నాయట. డీజిలు ఎందుకు అంత తాగుతోందా అని నేను టాంకు కింద చిల్లు వెతికాను, చూడు. ఇప్పుడు ఈ ముక్క రాస్తూ తల ఎత్తట్లేదు. ఎత్తవే, తిట్టను.

నిన్న ఉదయం లారీ వచ్చింది. మేనేజర్ గడియారం చూసుకుని "మొదలుపెట్టండి" అన్నాడు. ఇది సీటెక్కింది. నేను ముందు నిలబడ్డాను. అరవలేదు, ఒక్క చెయ్యే. వేలు పైకంటే పైకి, అరచెయ్యి దించితే కిందికి, పిడికిలి బిగిస్తే ఆగు. పదకొండో ప్యాలెట్ దాకా నూనెలా సాగింది. పన్నెండోదానికి ట్రాక్టర్ లారీ అవతలి వైపుకి తిరిగేసరికి మెత్తనేల, ముందు చక్రం దిగబడింది. పిడికిలి బిగించాను. ఆగింది, చూడు, గుండె గట్టిది. వెనక పెట్టె లోంచి పెంకులు తీస్తే వెనక తేలికవుతుంది, తియ్యనివ్వలేదు. షెడ్డు వెనక్కి పరిగెత్తి తట్టలతో పెంకులు తెచ్చి చక్రం కింద పొయ్యమన్నాను. మన ఎనిమిది మందిలో మిగిలినవాళ్ళు వరస కట్టారు, పాత అలవాటు, చేతి నుంచి చేతికి. వరసలో ఒక చోటు ఖాళీగా ఉంటే, ఆ మేనేజర్ గడియారం జేబులో పడేసి వచ్చి నిలబడ్డాడు. తట్టలు అందించాడు. చక్రం పైకి వచ్చింది.

పద్నాలుగోది లారీ బల్ల మీద కూర్చునేసరికి యాభై ఆరు నిమిషాలు. ఒక్క కుండీ పగల్లేదు. "అమ్మా, నాలుగు నిమిషాలు మిగిలాయి" అన్నాడు మేనేజరు. "అయితే కూర్చుని టీ తాగు నాయనా" అన్నాను. ఈసారి నవ్వాడు.

ఆర్డరు మనదే. వచ్చే నెల నుంచి రెండు లారీలు పంపుతారట.

ఇవాళ పొద్దున నీ మూడడుగులవి అందాయి. తిప్పి పంపమని రాస్తావేమో, పంపను. నేను సీటు దిగాను కదా అని సంతోషపడకు, రెండో లారీ నేనే నింపుతాను. పొడుగువి కోడలికి, పొట్టివి నాకు. ఫోర్కులు రెండు జతలు, నడిపేవాళ్ళం ఇద్దరం, లారీలు రెండు. ట్రాక్టరే ఒకటి తక్కువైంది. మీ ఊళ్ళో ఒకటి చూసిపెట్టు. చిన్నదే చూడు, నీకు పుణ్యముంటుంది. ఈసారి నేను పెద్దది కావాలని రాసినా సరే, నా మాట వినకు.

అక్క